తమ్ముడికి మెదడులో చీముగడ్డ, ఊపిరితిత్తిలో రక్తనాళం లోపం: ఈ రెండూ ఒకే జబ్బా?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. దుబాయ్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడికి 31 ఏళ్లు. కిందటి ఏడాది సెలవు మీద ఇంటికి వచ్చి, పుచ్చిన పన్ను పీకించుకున్నాడు. ఆ తర్వాత కొద్ది వారాలకు తలనొప్పి మొదలైంది. సైనస్ అనుకుని మందులు వాడుతుండగానే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. స్కాన్‌లో మెదడులో ఉంగరంలాంటి గడ్డ కనిపించింది. మొదట టీబీ గడ్డ కావచ్చన్నారు, ఆపరేషన్ చేస్తే చీము వచ్చింది. కొన్ని వారాల పాటు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఇచ్చాక కోలుకున్నాడు. చీము ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి ఛాతీ సీటీ తీస్తే, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో పల్మనరీ ఏవీఎం (ధమనీ సిరా నేరుగా కలిసిపోయే రక్తనాళ లోపం) ఉందని, దానికి వచ్చే ధమని 4 మిల్లీమీటర్లు ఉందని చెప్పారు. కాయిల్ పెట్టి మూసేయాలంటున్నారు. అంతకు మూడేళ్ల ముందు దగ్గులో రక్తం పడితే, ఎక్స్‌రేలో మచ్చ చూసి ఆరు నెలలు టీబీ మందులు వాడించారు. ఇప్పుడు ఆయాసం లేదు, ఆక్సిజన్ 94 ఉంది. ఇంత బాగున్నవాడికి ఈ చికిత్స నిజంగా అవసరమా? మా అమ్మకు చిన్నప్పటి నుంచీ ముక్కు నుంచి రక్తం కారుతుంది, పెదవుల మీద ఎర్రటి చుక్కలున్నాయి. దానికీ దీనికీ సంబంధం ఉందా? వాడు మళ్లీ విమానంలో దుబాయ్ వెళ్లవచ్చా? నాకూ అప్పుడప్పుడు ముక్కు నుంచి రక్తం వస్తుంది. ఏడేళ్ల పాప ఉంది, ఇప్పుడు మళ్లీ నాలుగో నెల.
- ఒక అక్క

సమాధానం: మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతాను. అయితే మీరు చివర్లో మూడు ముక్కల్లో తేల్చేసిన సంగతి, అంటే మీరు గర్భవతి కావడం, మిగతా అన్నిటికంటే తొందరగా చూడవలసినది. మీ తమ్ముడి సీటీ రిపోర్టు నకలు తీసుకుని ఈ వారంలోనే మీ గైనకాలజిస్టుకు చూపించి, మీ అమ్మగారి సంగతీ మీ సంగతీ చెప్పండి. ఎందుకో అర్థం కావాలంటే ముందు మీ తమ్ముడికి ఏం జరిగిందో తెలియాలి.

శరీరమంతా తిరిగి వచ్చిన రక్తం గుండె కుడివైపుకు చేరి, అక్కడి నుంచి పల్మనరీ ధమని ద్వారా ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, అతి సన్నని రక్తకేశనాళికల గుండా పారుతూ ఆక్సిజన్ నింపుకుని, పల్మనరీ సిరల ద్వారా గుండె ఎడమవైపుకు వస్తుంది. ఆ తర్వాతే మెదడుకూ మిగతా అవయవాలకూ వెళుతుంది. ఈ కేశనాళికల వ్యాసం సుమారు 8 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే ఒక ఎర్ర రక్తకణం పట్టేంత. అందువల్ల ఊపిరితిత్తులు ఆక్సిజన్ ఇవ్వడంతో ఆగకుండా మరో పని కూడా చేస్తాయి: కాలి సిరల్లో ఏర్పడే చిన్నచిన్న రక్తపు గడ్డలను, నోటి నుంచీ పేగుల నుంచీ రక్తంలో చేరే బాక్టీరియాను, సెలైన్ గొట్టంలోంచి పొరపాటున లోపలికి పోయే గాలి బుడగలను వడపోత గుడ్డలాగా పట్టి ఆపేస్తాయి. అక్కడ చిక్కిన సూక్ష్మజీవులను రోగనిరోధక కణాలు చంపేస్తాయి, చిన్న గడ్డలు కరిగిపోతాయి. ఇదంతా మనకు తెలియకుండానే నిత్యం జరిగిపోతుంటుంది.

పల్మనరీ ఏవీఎంలో ధమనికీ సిరకూ మధ్య ఈ కేశనాళికల వల ఉండదు. రెండూ నేరుగా కలిసిపోయి, సంచిలాగా ఉబ్బిన ఒక దారి ఏర్పడుతుంది. మీ తమ్ముడి విషయంలో ఆ దారికి వచ్చే ధమని వెడల్పు 4 మిల్లీమీటర్లు, అంటే ఒక కేశనాళికకు దాదాపు 500 రెట్లు. పన్ను పీకినప్పుడు నోటిలోని బాక్టీరియా కొంత రక్తంలో చేరడం ఎవరికైనా జరిగేదే. మిగతావారిలో అది ఊపిరితిత్తుల దగ్గర ఆగిపోతుంది, మీ తమ్ముడిలో ఆగకుండా గుండె ఎడమవైపుకు దాటి మెదడుకు చేరి ఉండవచ్చు. ఇలాంటి రోగుల చీముగడ్డల్లో పలుమార్లు నోటిలో నివసించే స్ట్రెప్టోకాకస్ జాతులు, ఆక్సిజన్ లేకుండా బతికే బాక్టీరియా దొరుకుతాయి. మీ తమ్ముడి చీము కల్చర్ రిపోర్టు ఉంటే ఒకసారి తీసి చూడండి, అది ఈ ఊహను బలపరచవచ్చు. అదే దారిన బాక్టీరియాకు బదులు చిన్న రక్తపు గడ్డ పోతే పక్షవాతం వస్తుంది, లేదా కొద్దిసేపు మాట తడబడి, చేయి పట్టు తప్పి, మళ్లీ సర్దుకుంటుంది. ఇలాంటి వారిలో మైగ్రేన్ తలనొప్పి కూడా మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. చికిత్స జరగని పల్మనరీ ఏవీఎం ఉన్నవారిలో మెదడులో చీముగడ్డ సుమారు 5 నుంచి 10 శాతం మందికి, పక్షవాతం 10 శాతానికి పైబడి వస్తాయని వివిధ అధ్యయనాల అంచనా.

మూడేళ్ల నాటి టీబీ సంగతి. చూడకుండా నేను తీర్పు చెప్పలేను. దగ్గులో రక్తం పడి, ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే మన దేశంలో ఏ వైద్యుడికైనా ముందుగా తట్టేది టీబీయే, అందులో తప్పుపట్టడానికి లేదు. కానీ కఫంలో టీబీ క్రిములు దొరకకుండానే మందులు మొదలుపెట్టి ఉంటే, ఆ మచ్చ ఈ రక్తనాళమే అయి ఉండే అవకాశం చాలా ఉంది. ఏవీఎం కూడా ఎక్స్‌రేలో గుండ్రటి మచ్చలాగే కనిపిస్తుంది, అది చిట్లితే దగ్గులో రక్తం పడుతుంది. పాత ఎక్స్‌రే ఇంట్లో ఉంటే రేడియాలజిస్టు ముందు ఈ సీటీ పక్కన పెట్టించండి. మచ్చ అదే చోట ఉందో లేదో నిమిషంలో తేలిపోతుంది. మెదడు గడ్డను కూడా మొదట టీబీగానే అనుమానించారని రాశారు. ఛాతీ మచ్చను ఒక విభాగం, మెదడు గడ్డను మరో విభాగం విడివిడిగా చూస్తే రెండు చోట్లా టీబీ అనే అనిపిస్తుంది, రెండు ఫిల్ములూ ఒకే బల్ల మీదికి వస్తే తప్ప ఈ జబ్బు బయటపడదు. కాబట్టి చీము మూలం కోసం ఛాతీ సీటీ తీయించిన వైద్యులు సరైన పని చేశారు. ఇంకొక మాట: ఈ మచ్చ ఏమిటో తెలుసుకోవడానికి సూదితో బయాప్సీ చేద్దామని ఎక్కడైనా ఎవరైనా అంటే, ఇది ఏవీఎం అని చెప్పి ఆపండి. అందులో సూది గుచ్చితే ప్రమాదకరంగా రక్తం పోతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న: ఆయాసం లేనివాడికి చికిత్స అవసరమా? అవసరమే. పల్మనరీ ఏవీఎం ఉన్నవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, మెదడుకు వచ్చే ఆపదే కొందరికి మొదటి లక్షణం అవుతుంది. పైగా ఆయాసం ఎంత ఉంది, ఆక్సిజన్ ఎంత తగ్గింది అన్నవాటిని బట్టి మెదడుకు ఉన్న ముప్పును కొలవలేము. రక్తనాళం సైజు పెద్దదైతే ముప్పు పెద్దది, చిన్నదైతే చిన్నది అన్న లెక్క కూడా కుదరదని పరిశోధనల్లో తేలింది. మీ తమ్ముడి 94 కూడా మరీ తీసిపారేసే అంకె కాదు. 31 ఏళ్ల ఆరోగ్యవంతుడికి అది 97, 98 దగ్గర ఉండాలి. కొవిడ్ కాలంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే, కొంతసేపు పడుకున్నాక ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూడండి. ఈ ఏవీఎంలు ఎక్కువగా ఊపిరితిత్తుల కింది భాగంలో ఉండడం వల్ల, నిలబడినప్పుడు వాటిలోకి రక్తం ఎక్కువగా పోయి అంకె తగ్గవచ్చు. తగ్గకపోయినంత మాత్రాన ఏవీఎం లేదని కాదు. ఒకసారి చీముగడ్డ వచ్చి తగ్గినా, దానికి దారి ఇచ్చిన నాళం అలాగే తెరిచి ఉంది. దాన్ని మూయకుండా వదిలేయడం నా దృష్టిలో సమర్థించలేని పని.

ధమని వెడల్పు 2 నుంచి 3 మిల్లీమీటర్లు దాటితే మూసివేయాలన్నది ప్రస్తుత పద్ధతి, మీ తమ్ముడిది అంతకంటే పెద్దదే. ఒకప్పుడు దీనికి ఊపిరితిత్తిలో కొంత భాగాన్ని కోసి తీసేవారు. 1970ల చివరి నుంచి ఎంబొలైజేషన్ వాడుకలోకి వచ్చింది. గజ్జల దగ్గరి సిర నుంచి సన్నని గొట్టాన్ని గుండె మీదుగా ఆ ధమనిలోకి పంపి, లోహపు కాయిల్స్‌తోనో వాస్క్యులర్ ప్లగ్ అనే చిన్న పరికరంతోనో దాన్ని మూసేస్తారు. కోత ఉండదు, ఎక్కువసార్లు మత్తు కూడా ఆ చోటుకు మాత్రమే ఇస్తే సరిపోతుంది, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. తర్వాత కొన్నాళ్లు ఊపిరి తీసుకుంటే పక్కన పొడిచినట్టు నొప్పి, కొద్దిపాటి జ్వరం కొందరికి వస్తాయి. కాయిల్ జారి వేరే చోటుకు పోవడం వంటివి అరుదు, కానీ అనుభవం తక్కువ ఉన్న చేతుల్లో అంత అరుదు కాదు. అందుకే ఈ పనిని ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు చేతనే, అదీ ఇంతకుముందు ఊపిరితిత్తుల ఏవీఎంలు మూసిన అనుభవం ఉన్నవారి చేతనే చేయించండి. ఇప్పటివరకు ఎన్ని చేశారని అడగడానికి మొహమాటపడకండి. మీకు హైదరాబాద్ దగ్గర, అక్కడి పెద్ద ఆస్పత్రుల్లో ఈ విభాగాలున్నాయి. రెండో అభిప్రాయం కావాలనుకుంటే వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీ చిత్ర వంటి సంస్థలు ఉండనే ఉన్నాయి.

మూసేస్తే పని అయిపోయిందని అనుకోవద్దు. మూసిన నాళంలోంచే మళ్లీ రక్తం పారడం మొదలవవచ్చు, స్కాన్‌లో అప్పుడు కనిపించని చిన్నవి తర్వాత పెరగవచ్చు. చికిత్స తర్వాత 6 నుంచి 12 నెలల లోపు ఒకసారి, ఆ తర్వాత కొన్నేళ్లకొకసారి ఛాతీ సీటీ తీయించాలి. దంతవైద్యుడి దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ, రక్తం వచ్చే పని ఏది చేయించుకున్నా, ముందుగా ఒక డోసు యాంటీబయాటిక్ తీసుకోవాలి. ఏవీఎం మూసిన తర్వాత కూడా ఈ నియమం వర్తిస్తుంది. ఏ మందు, ఎంత అన్నది వైద్యులు చెబుతారు. పళ్లూ చిగుళ్లూ శుభ్రంగా ఉంచుకోవడం ఆయన విషయంలో మెదడును కాపాడుకునే పని కూడా. ఎక్కడ సెలైన్ పెట్టినా గొట్టంలో గాలి బుడగ లేకుండా చూడమని, వీలైతే గాలిని ఆపే ఫిల్టర్ పెట్టమని నర్సుకు చెప్పాలి. సముద్రంలో గాలి నింపిన సిలిండర్ కట్టుకుని మునిగే స్కూబా డైవింగ్ జోలికి అసలు పోకూడదు. గల్ఫ్‌లో ఉన్నవారికి ఇది సరదాగా దొరికే ఆట కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫిట్స్ మందులను న్యూరాలజిస్టు చెప్పకుండా తగ్గించడం, ఆపడం చేయకూడదు.

మీ అమ్మగారి విషయం ఈ కథకు మూలం కావచ్చు. ముక్కు నుంచి రక్తం కారితే మన ఇళ్లలో వేడి చేసిందని మజ్జిగా సబ్జా నీళ్లూ ఇచ్చి ఊరుకుంటాం. ఎప్పుడో ఒకసారి వచ్చే రక్తానికి అది చెల్లుతుంది. కానీ జీవితమంతా తరచుగా కారడం, పెదవుల మీద, నాలుక మీద, వేళ్ల కొసల మీద నొక్కితే తెల్లబడే ఎర్రటి చుక్కలు ఉండడం, కొడుకు ఊపిరితిత్తిలో ఏవీఎం కనిపించడం, ఈ మూడూ ఒకే కుటుంబంలో ఉంటే హెరిడిటరీ హెమరేజిక్ టెలాంజియెక్టేసియా అనే వంశపారంపర్య జబ్బును అనుమానించాలి. దీన్ని హెచ్‌హెచ్‌టీ అంటారు. 1896లో హెన్రీ రాండ్యూ, 1901లో ఆస్లర్, 1907లో వెబర్ అనే వైద్యులు దీన్ని వివరించారు కాబట్టి ఆ ముగ్గురి పేర్లతోనూ పిలుస్తారు. ప్రపంచంలో సుమారు 5000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. ఊపిరితిత్తుల ఏవీఎం ఉన్నవారిలో అత్యధికులకు మూలం ఇదే. ముక్కు రక్తం, ఎర్ర చుక్కలు, లోపలి అవయవాల్లో ఏవీఎం, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో ఎవరికైనా ఈ జబ్బు ఉండడం అనే నాలుగింటిలో మూడు ఉంటే జబ్బు ఖాయమని, రెండు ఉంటే అనుమానించాలని, ఈ జబ్బును గుర్తించడానికి వైద్యులు వాడే కురసావ్ ప్రమాణాలు చెబుతాయి. మీ అమ్మగారిలో మొదటి రెండూ ఇప్పటికే కనిపిస్తున్నాయి. వైద్యులు చూసి నిర్ధారించాలి.

ఆమెకు వెంటనే చేయించవలసినవి ఛాతీ పరీక్షతోపాటు హిమోగ్లోబిన్, ఐరన్ పరీక్షలు. ఏళ్ల తరబడి ముక్కు నుంచి రక్తం పోయినవారికి ఐరన్ తగ్గుతుందన్నది తెలిసిందే. అయితే ఐరన్ తగ్గితే రక్తం పలచబడుతుందనీ, పక్షవాతం భయం తగ్గుతుందనీ అనుకుంటే అది తలకిందులు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజ్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఊపిరితిత్తుల ఏవీఎం ఉన్నవారిలో రక్తంలో ఐరన్ బాగా తక్కువగా ఉన్నవారికి పక్షవాతం ముప్పు దాదాపు రెట్టింపుగా కనిపించింది. ఐరన్ కొరత ఉన్నప్పుడు ప్లేట్‌లెట్లు తేలికగా అతుక్కుని గడ్డ కట్టడం ఇందుకు కారణం కావచ్చని వారి వివరణ. కాబట్టి ఈ కుటుంబంలో ఐరన్ మాత్ర టానిక్కులాంటిది కాదు, చికిత్సలో భాగం. మరోవైపు, ఆమెకు ఎవరైనా ఆస్పిరిన్‌లాంటి రక్తం పలచబరిచే మందు రాస్తే ముక్కు రక్తం సంగతి చెప్పి, అవసరాన్ని తూచి నిర్ణయించమని అడగండి.

ఇప్పుడు మీ సంగతికి వస్తాను. హెచ్‌హెచ్‌టీ ఉన్న తల్లి లేదా తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, అది వచ్చే అవకాశం సగానికి సగం. మీకు ముక్కు రక్తం వస్తోంది, తల్లికీ తమ్ముడికీ లక్షణాలున్నాయి. మీకు ఇది లేదని పరీక్షలో తేలేవరకు ఉన్నట్టే భావించి నడుచుకోవాలి. గర్భంలో రక్త పరిమాణం, గుండె పంపే రక్తం పెరగడం వల్ల ఊపిరితిత్తుల ఏవీఎంలు పెద్దవై, అరుదుగా చిట్లి, ఛాతీలోకో దగ్గులోకో రక్తం పోయే ప్రమాదం ఉంటుంది. రెండో, మూడో త్రైమాసికాల్లో ఈ భయం ఎక్కువ. ఈ జబ్బు ఉన్న తల్లుల్లో ఎక్కువమంది క్షేమంగానే కంటారు, అది గట్టిగా గుర్తుంచుకోండి. ఏవీఎం ఉందని ముందే తెలిసి, జాగ్రత్త తీసుకున్నవారి పరిస్థితి తెలియనివారి కంటే మెరుగ్గా ఉంటుంది.

లక్షణాలు లేని గర్భిణికి మొదట బబుల్ ఎకో చేయవచ్చు. బాగా కుదిపిన సెలైన్‌ను చేతి సిరలోకి ఎక్కించి, అందులోని అతి సూక్ష్మమైన బుడగలు గుండె ఎడమవైపు కనిపిస్తాయా, కనిపిస్తే ఎన్ని గుండె చప్పుళ్ల తర్వాత అని చూస్తారు. గుండె గదుల మధ్య రంధ్రం ఉంటే అవి వెంటనే కనిపిస్తాయి, ఊపిరితిత్తుల్లో దారి ఉంటే కొన్ని చప్పుళ్లు ఆలస్యంగా వస్తాయి. ఇందులో రేడియేషన్ లేదు. ఈ పరీక్ష బాగా చేసేవారు అందుబాటులో లేకపోయినా, మీకు ఆయాసంలాంటివి ఉన్నా, కాంట్రాస్ట్ మందు లేకుండా తక్కువ రేడియేషన్‌తో ఛాతీ సీటీ తీయడానికి అంతర్జాతీయ మార్గదర్శకాలు అనుమతిస్తున్నాయి. అలాంటి సీటీలో బిడ్డకు చేరే రేడియేషన్ చాలా స్వల్పం, కాబట్టి స్కాన్ అనగానే ఇంట్లో పెద్దలు వద్దంటే ఆ మాట విని ఆగిపోకండి. ఏవీఎం దొరికితే, మూసివేతను రెండో త్రైమాసికం నుంచి చేయవచ్చు. మీరిప్పుడు సరిగ్గా ఆ దశలో ఉన్నారు కాబట్టే మొదటే తొందరపెట్టాను. ఈలోగా దగ్గులో రక్తం పడినా, ఉన్నట్టుండి ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వచ్చినా, మూతి వంకరపోవడం, మాట తడబడటం, చేయి లేవకపోవడం కనిపించినా, ఉదయం వరకు ఆగకుండా 108కి ఫోన్ చేసి పెద్దాస్పత్రికి వెళ్లండి, మొదట చూసే వైద్యుడితోనే మా ఇంట్లో ఊపిరితిత్తుల ఏవీఎం ఉంది అని చెప్పండి.

మీ పాప విషయంలో అంత తొందర లేదు. ముందు మీ తమ్ముడికి రక్తంతో జన్యు పరీక్ష చేయిస్తే మంచిది. ఎండోగ్లిన్, ఏసీవీఆర్ఎల్1, స్మాడ్4 అనే జన్యువుల్లో ఒకదానిలో మార్పు దొరికే అవకాశం బాగా ఉంది. దొరికితే, మీకూ పాపకూ ఆ ఒక్క మార్పునే వెతికితే చాలు. మీలో అది లేకపోతే పాపకు అసలు ఏ పరీక్షా అక్కర్లేదు. తమ్ముడిలో ఏమీ దొరకకపోతే మాత్రం జబ్బు లేదని అర్థం కాదు, అప్పుడు పాపకు ఆక్సిజన్ శాతం, బబుల్ ఎకోలతో మొదలుపెడతారు. హెచ్‌హెచ్‌టీ ఉన్నవారిలో దాదాపు 10 శాతం మందికి మెదడులోనే ఏవీఎం ఉండవచ్చు కాబట్టి, నిర్ధారణ అయినవారికి ఎంఆర్ఐ గురించి కూడా న్యూరాలజిస్టు మాట్లాడతారు. మీ తమ్ముడి మెదడు ఎంఆర్ఐ ఎలాగూ ఉంది, అందులో ఇది చూశారో లేదో అడగండి.

దుబాయ్ ప్రయాణం గురించి. పల్మనరీ ఏవీఎం ఉన్నవారిలో ఎక్కువమంది విమానంలో ఇబ్బంది లేకుండానే ప్రయాణిస్తారు, 94 శాతం ఆక్సిజన్‌తో మూడు నాలుగు గంటల ప్రయాణం సాధారణంగా అడ్డంకి కాదు. ఆయన విషయంలో అడ్డంకులు వేరు: ఏవీఎం ఇంకా తెరిచి ఉండడం, ఫిట్స్ పూర్తిగా అదుపులో ఉన్నాయో లేదో తేలకపోవడం. ఎంబొలైజేషన్ ఇక్కడే చేయించుకుని, ఆ తర్వాతి పక్క నొప్పి తగ్గి, చేసిన వైద్యుడూ న్యూరాలజిస్టూ సరే అన్నాకే టికెట్ తీసుకోవాలి. ఉద్యోగంలో డ్రైవింగ్ గానీ ఎత్తుల మీద పని గానీ ఉంటే ఫిట్స్ విషయం యజమానికి చెప్పక తప్పదు. విమానంలో కాళ్లు కదుపుతూ, మంచినీళ్లు తాగుతూ కూర్చోవాలి. ఏ రకం కాయిల్ వేశారో రాసి ఉన్న డిశ్చార్జి కాగితం నకలు దగ్గర ఉంచుకుంటే, అక్కడ ఎప్పుడైనా ఎంఆర్ఐ అవసరమైతే వారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు అదే. మొదటి తనిఖీ సీటీ 6 నుంచి 12 నెలల మధ్య పడుతుంది కాబట్టి, వచ్చే సెలవును ఆ వ్యవధిలోనే పెట్టుకోమనండి.